గుంజ పాతకముందే అడగండి

పోయిన నెల ఈ పేజీలో ‘జాతరకో, సభకో, తిరునాళ్లకో పోవాలనుకునే వికలాంగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఏం అడగాలన్నా రాయండి’ అన్నాను. ఉత్తరాలు ఒక సంచెడు వచ్చాయి. ఫోన్లో వచ్చినవి దానికి రెండింతలు.

కొత్తగా చదివేవాళ్లకు నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది కడప. మూడో ఏట పోలియో వచ్చి రెండు కాళ్లూ పోయాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా టెంట్ హౌస్ నడుపుతున్నాను. షామియానాలు, స్టేజీలు, బారికేడ్లు, కుర్చీలు, వంట పాత్రలు, అన్నీ అద్దెకిస్తాం. పెళ్లి మొదలు పార్టీ మీటింగు దాకా ఈ జిల్లాలో నేను వేయించిన స్టేజీలకు లెక్క లేదు. అందులో నేను ఎక్కినవి ఎన్నంటే ఒక చేతి వేళ్లు చాలు, ఇంకా ఒకటి రెండు మిగులుతాయి.

మా అమ్మకు 67 ఏళ్లు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. వీల్‌చైర్‌లోనే ఉంటుంది. ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం ఒక్కసారన్నా కళ్లారా చూడాలని ఒకటే పోరు. అన్నయ్య వద్దంటున్నాడు. తీసుకుపోవచ్చా?
– ఒక కూతురు, ప్రొద్దుటూరు

తీసుకుపోవచ్చమ్మా. మీ అన్నయ్య భయం కూడా ఉత్తదేమీ కాదు, దాన్నీ సంచిలో వేసుకునే బయల్దేరండి.

ఒంటిమిట్ట కల్యాణం పగటిపూట కాదు, పున్నమి వేళ రాత్రి జరుగుతుంది. రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణకు పోయాక, 2015 నుంచి ఇదే రాష్ట్ర ప్రభుత్వ ఉత్సవం. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు వస్తాయి, పెద్ద పెద్దోళ్లు వస్తారు, వాళ్లతోపాటు బందోబస్తు వస్తుంది. కడప నుంచి ఒంటిమిట్ట పాతిక కిలోమీటర్లే గానీ ఆరోజు ఆ పాతికలో చివరి ఒకటి రెండే అసలు ప్రయాణం. బండి ఎక్కడో ఆపేస్తారు. అక్కడినుంచి మీ అమ్మ ఎట్లా వస్తుందన్నదే మీరు ఆలోచించాల్సింది. కల్యాణం కనబడుతుందా లేదా అన్నది ఆ తర్వాత మాట.

అందుకని నెల ముందు ఒక మామూలు రోజు అమ్మను తీసుకుని గుడికి పోయిరండి. దర్శనమూ అవుతుంది, దారీ తెలుస్తుంది. ఎక్కడ సిమెంటు, ఎక్కడ మట్టి, ఎక్కడ గడప, ఎక్కడ మెట్టు, అన్నీ కాగితం మీద రాసుకోండి. ఇంట్లో టేపు పెట్టి కుర్చీ వెడల్పు కొలవండి. ఆసుపత్రుల్లో వాడే రకమైతే చక్రాల అంచునుంచి అంచుకు ఇంచుమించు 26 అంగుళాలు ఉంటుంది. ఆ తర్వాత ఆఫీసులో అడగండి. అయితే ‘వీల్‌చైర్ పోనిస్తారా?’ అని అడగొద్దు. ఈ ప్రశ్నకు భూమ్మీద ఎవరైనా ‘ఓ, పోనిస్తాం’ అనే చెబుతారు. ‘కారు ఎక్కడిదాకా వస్తుంది? అక్కడినుంచి కుర్చీ ఎన్ని అడుగులు మట్టిలో పోవాలి? దారిలో మెట్లెన్ని? ఆరోజు ఆ గేటు దగ్గర ఉండేది ఎవరు?’ అని అడగండి. చివరి ప్రశ్నకు జవాబు పేరుతో సహా రాసుకోండి. గేటు దగ్గర ‘సారు చెప్పారు’ అంటే ఎవడూ వినడు. ‘ఫలానా సారు చెప్పారు’ అంటే కనీసం ఫోన్ చేస్తాడు.

ఒక కిటుకు చెబుతా. ఇసుకలో, దుమ్ములో వీల్‌చైర్ ముందు చక్రాలు కూరుకుపోతాయి. వెనకనుంచి ఎంత తోస్తే అంత దిగబడతాయి. అప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద కొంచెం వెనక్కి వాల్చి, ఎద్దుబండిని లాగినట్టు లాగాలి. మనిషి వచ్చిన దారివైపు చూస్తూ వస్తుంది, చూసేవాళ్లు నవ్వుతారు. నవ్వనీండి. మెట్టు దిగేటప్పుడు కూడా వెనక చక్రాలే ముందు దిగాలి. ముందుకు దింపితే మీ అమ్మ నేరుగా కింద పడుతుంది.

చైత్రమాసం, పైగా మన ఎండ. పొద్దు వాలకముందే చేరాలి కాబట్టి గొడుగు, తడిగుడ్డ, మజ్జిగ, బీపీ మాత్రలు మీ దగ్గరే ఉండాలి, కారులో వదిలేయకండి. లోపల వరస మధ్యలో కాకుండా దారి అంచున కుర్చీ పెట్టుకోండి. ఆమె ఎడమ పక్క మీరే కూర్చోండి, జనం ఒరుసుకుంటూ పోతే ఆ వైపు ఆమెకు తెలియదు. తిరుగు ప్రయాణం జనంతో కలిసి వద్దు. తలంబ్రాలు చూసి అందరికంటే ముందు లేవండి, లేదా అందరూ పోయాక గంట ఆగి లేవండి. మధ్యలో లేచారా, ఇక అంతే.

గాలి సంగతి కూడా చెప్పాలి, నాది పందిళ్ల బతుకు కాబట్టి. 2018లో ఇదే కల్యాణం నాడు గాలివాన వచ్చి పందిళ్లు కూలాయి, ప్రాణాలు పోయాయి. ఆరోజు నుంచి నేను ఏ పందిట్లోకి పోయినా పైకి చూస్తాను. మబ్బు పట్టి, పరదాలు ఉబ్బడం మొదలైతే ఇంకో అయిదు నిమిషాలు చూద్దాం అనుకోవద్దు. పరుగెత్తగలిగిన వాళ్లకు ఆ అయిదు నిమిషాలు సరిపోతాయి, మనకు చాలవు. ఇనుప స్తంభాలకూ లైట్ల టవర్లకూ దూరంగా, బయటి దారికి దగ్గరగా కూర్చోమనేది అందుకే.

మేం కుర్రాళ్లం కొందరం వినాయక చవితికి పెద్ద స్టేజీ వేస్తున్నాం, 4 అడుగుల ఎత్తు. ఈసారి మా వీధిలో బాగా చదివిన ముగ్గురు వికలాంగ విద్యార్థులకు సన్మానం అనుకున్నాం. ఇద్దరికి వీల్‌చైర్. ర్యాంపు ఎట్లా వేయాలి? అన్నా, ఖర్చు ఎక్కువవుతుందా?
– ఉత్సవ కమిటీ సభ్యుడు, కడప

తమ్ముడూ, ముందే అడిగావు చూడు, సగం పని అయిపోయింది. నన్ను సాధారణంగా పిలిచేది కార్యక్రమం రోజు సాయంత్రం ఆరు గంటలకు. ‘అన్నా, ఒక పలకుంటే పంపు, వీల్‌చైర్లో పిల్లోడు ఒకడు వచ్చినాడు’ అని. లారీలోకి బియ్యం మూటలు ఎక్కించే పలక అది. నాలుగడుగుల ఎత్తుకు ఎనిమిదడుగుల పలక వేస్తే మూట ఎక్కుతుందేమో గానీ మనిషి ఎక్కడు.

లెక్క సులభం. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఇది నా సొంత లెక్క కాదు, కేంద్రం పెట్టిన ప్రమాణాల్లో ఉన్నదే. మీ స్టేజీ 4 అడుగులు కాబట్టి 48 అడుగుల ర్యాంపు కావాలి. గుండె జారిందా? ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఆరు షీట్లు వరసగా పెడితే సరిగ్గా 48. వెడల్పు కూడా 1200 మిల్లీమీటర్లు ఉండాలన్నారు, షీటు వెడల్పు దాదాపు అంతే. మన కోసమే కోసినట్టుంటుంది. ఇంత పొడవు ఒకే పరుగులో వేయకూడదు, మధ్యలో కుర్చీ ఆగడానికి చదును ఉండాలి. స్టేజీ వెనక 24 అడుగులు పోయి, మలుపు దగ్గర అయిదడుగుల చదును ఇచ్చి, మళ్లీ 24 అడుగులు వెనక్కి తీసుకురండి. రెండు పక్కలా పైపులు కట్టాలి. అంచుల వెంబడి రీపరు, అంటే సన్న చెక్కపట్టీ కొట్టాలి, చక్రం జారి కింద పడకుండా. షీటు కింద రెండడుగులకో అడ్డకట్టె వేయండి, లేకపోతే మధ్యలో ఊయలలా ఊగుతుంది. పైన ఎర్ర కార్పెట్ మాత్రం పరవొద్దు. ఫొటోలో బాగుంటుంది, కుర్చీ ముందు చక్రం కింద మాత్రం చాపలా ముడుచుకుంటుంది. పీచు మ్యాటు మేకులతో బిగించండి.

ఇంత జాగా లేదంటావా? అయితే స్టేజీనే దించు. అడుగున్నర ఎత్తు వేస్తే 18 అడుగుల ర్యాంపు చాలు. ముందు వరసల వాళ్లు కింద పట్టాల మీద కూర్చుంటే వెనకవాళ్లకు అడుగున్నర స్టేజీ శుభ్రంగా కనిపిస్తుంది. అదీ కుదరకపోతే సన్మానం కిందే పెట్టుకోండి, కానీ అందరికీ కిందే పెట్టండి. డాక్టరుగారికి పైన, ఈ పిల్లలకు కింద అంటే ఆ శాలువా కప్పకపోయినా ఒకటే.

నన్ను ఒకసారి సన్మానానికి పిలిచారు. ఎవరన్నది వదిలేయ్. స్టేజీ నాదే, అద్దె కూడా బాకీ. ర్యాంపు లేదు. నేను నోరు తెరిచేలోపే నలుగురు కుర్రాళ్లు వచ్చి ‘మేం ఎత్తుతాంలే అన్నా, నువ్వు గమ్మునుండు’ అని కుర్చీతో సహా లేపారు. ఒకడు చక్రం పట్టుకున్నాడు, చక్రమంటే తిరిగేదని వాడికి తోచలేదు. నేను పక్కకు ఒరిగాను, పంచె జారింది, ముందు వరసలో మా వియ్యపురాలు. పైన శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు, నాకేమీ వినపడలేదు. దిగేటప్పుడు వాళ్లు మళ్లీ వస్తారన్న ఆలోచన ఒక్కటే తలలో తిరుగుతోంది.

ఖర్చు అడిగావు. ఆరు షీట్లు, మలుపు దగ్గర చదునుకు ఇంకో రెండు, కట్టెలు, ఇద్దరు పనివాళ్లకు ఒక పూట కూలి. మీ డీజేకు ఇచ్చే అడ్వాన్సులో మిగిలిన చిల్లర అది.

ఇంకోటి కూడా చెప్పుకోవాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చాలా ఏళ్ల కిందట ఒక తిరునాళ్లలో ‘వికలాంగులకు ప్రత్యేకం’ అని బ్యానరు కట్టి, ముందు వరసలో చోటు చూపించారు. చోటు బ్రహ్మాండం, కుర్చీలకు తెల్ల కవర్లు కూడా. దానికి పోయే దారిలో బారికేడ్ల మధ్య సందు రెండడుగులు. నా కుర్చీ పట్టలేదు. నాతోపాటు ఇంకా అయిదారుగురం ఆ సందు బయటే ఉండిపోయాం. ఆ తెల్ల కుర్చీల్లో ఎవరెవరో వచ్చి కూర్చున్నారు. ఆ బారికేడ్లు కట్టింది మా పిల్లోళ్లే. జనం ఒకరి వెనక ఒకరు పోవాలి, సందు రెండడుగులకు మించొద్దని వాళ్లకు చెప్పింది నేనే. ఇప్పుడు నా గోడౌన్‌లో మూడడుగుల కర్రముక్క ఒకటి పెట్టాను. ప్రతి గేటులోనూ అది అడ్డంగా దూరాలి. దూరకపోతే కట్టింది విప్పాల్సిందే.

నేను లెక్చరర్‌ని. వీల్‌చైర్ వాడతాను. రోజంతా జరిగే సభలకు పోవాలంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్లు మానేస్తాను. ఎందుకో మీకు తెలుసు. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది. పేరు వేయొద్దు.
– అనంతపురం

పేరు వేయలేదమ్మా. ఈ నెల ఉత్తరాల్లో ఇదే మాట పదకొండు మంది రాశారు. పదకొండు మందీ ఆడవాళ్లే. నాకు తెలుసన్నారు గానీ సగమే తెలుసు. మగవాణ్ని కాబట్టి కుర్చీ వెనక సంచిలో ఒక సీసా ఉంటుంది, చెట్టు చాటుంటే నా పని అయిపోతుంది. ఈ ఉత్తరాలు చదివాక నా భార్యను అడిగాను. ‘ఇన్నేళ్లకు అడిగినావా’ అంది, వంటింట్లోకి పోయింది.

సభల దగ్గర పెట్టే మొబైల్ టాయిలెట్లను నేనూ తెప్పిస్తుంటాను. చక్రాల మీద ఉంటాయి కాబట్టి నేలకు రెండు మూడు మెట్లు పైన ఉంటాయి, తలుపు రెండడుగులు, లోపల ఒక మనిషి నిలబడి తిరగడమే కష్టం. వీల్‌చైర్ పూర్తిగా తిరగాలంటే అయిదడుగుల ఖాళీ నేల కావాలి. అందుకే పోయిన రెండేళ్లుగా నేను వేరే పని చేస్తున్నాను. మట్టి నేల అయితే ఏడడుగుల చదరంలో నాలుగు గుంజలు పాతి, లోపలిది బయటికి కనబడని మందం పరదాలు కడతాం. లోపలికి మూడడుగుల దారి, గడప ఉండదు. పరదా రెండు పొరలుగా ఒకదాని మీదికి ఒకటి వచ్చేట్టు కడతాం, గాలికి తెరుచుకోదు. మధ్యలో లోతుగా గుంత తీసి, దాని మీద సర్జికల్ షాపులో అద్దెకు దొరికే కమోడ్ కుర్చీ పెడతాం. అది కదలకుండా కాళ్లు నేలలో బిగిస్తాం. చేతికందే ఎత్తున బక్కెట్టు, మగ్గు, సబ్బు, సంచి తగిలించే కొక్కెం, ఒక బల్బు. బయట ఒక ఆడమనిషి కాపలా. కార్యక్రమం అయ్యాక గుంత పూడ్చేస్తాం, ఎవరి చేతా ఏదీ ఎత్తించే పని లేకుండా. నేల సిమెంటు అయితే ఇది కుదరదు. పక్కనున్న బడిలోనో కల్యాణ మండపంలోనో కింది అంతస్తు గది ముందే మాట్లాడుకోవాలి.

మీరు చేయగలిగింది: పిలిచినవాళ్లకు ‘వస్తాను’ అని చెప్పే ముందే ఈ ప్రశ్న అడగండి. నోటితో అడగలేకపోతే ఈ పేజీ ఫొటో తీసి పంపండి, మిగతాది నేను అడిగినట్టే. దారిలో పెట్రోలు బంకుల్లో ఎక్కడ మెట్టు లేని గది ఉందో ఒకసారి చూసిపెట్టుకోండి. పెద్దవాళ్ల డైపరు ఒకటి దగ్గరుంచుకోవడం తప్పేమీ కాదు, అత్యవసరానికి. దాన్నే ఏర్పాటు అనుకుని మిమ్మల్ని పిలిచేవాళ్లుంటే మాత్రం పోకండి. నీళ్లు మానేయొద్దు. అనంతపురం ఎండలో రోజంతా నీళ్లు లేకుంటే మూత్రంలో మంట, ఇన్ఫెక్షను, జ్వరం. మీకు చెప్పక్కర్లేదు, ఇంతకుముందే పడి ఉంటారు.

మా అబ్బాయికి 14. వినపడదు, మాట్లాడలేడు. దసరాకు జనంలో తప్పిపోయాడు. మైకులో గంటసేపు పేరు పిలిపించాను, అప్పుడు గుర్తొచ్చింది వాడికి వినపడదని. దొరికాడు గానీ ఈసారికి ఏం చేయాలి?
– ఒక తల్లి, కర్నూలు

తల్లీ, ఆ కంగారులో ఎవరికైనా అంతే. పొద్దున బయల్దేరేటప్పుడు ఆరోజు చొక్కాతో వాడి ఫొటో తీసుకోండి. పోలీసు ఔట్‌పోస్టులో మైకు కంటే ఆ ఫొటోనే పనిచేస్తుంది. వాడి జేబులో, చేతి మీద కూడా, మీ ఫోన్ నంబరు, ‘నాకు వినపడదు, రాసి చూపండి’ అన్న ముక్క ఉండాలి. తప్పిపోతే ఎక్కడికి రావాలో ముందే చూపించండి. బెలూన్ల బండి గుర్తు పెట్టుకోవద్దు, అది సాయంత్రానికి ఇంకో చోట ఉంటుంది. గాలిగోపురమో వాటర్ ట్యాంకో అయితే ఎటూ పోదు.

నిర్వాహకులకు ఒక మాట. మైకులో చెప్పేది ఎల్ఈడీ తెర మీద అక్షరాల్లో వేయడానికి ఒక కుర్రాడు, ఒక లాప్‌టాప్ చాలు. తెరలు ఎట్లాగూ పెడుతున్నారు కదా, నాయకుల ముఖాలకు. చూపు లేనివాళ్ల గురించి కూడా ఇక్కడే: సాయం చేయాలనుకుంటే వాళ్ల చెయ్యి పట్టి ఈడవకండి, కర్ర అసలే పట్టుకోకండి. మీ మోచెయ్యి ఇవ్వండి, వాళ్లే పట్టుకుంటారు, అర అడుగు మీ వెనక వస్తారు.

మీ రాతలు బాగున్నాయి. కానీ ఒక మాట సూటిగా అడుగుతాను. లక్షమంది జనంలోకి చక్రాల కుర్చీలు ఎందుకు? తొక్కిసలాట జరిగితే మీకే ప్రమాదం, పక్కవాళ్లకూ ప్రమాదం. ఇంట్లో టీవీలో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది కదా.
– విశ్రాంత ఉద్యోగి, రాయచోటి

అయ్యా, సూటిగానే చెబుతాను. 2015 జూలై 14న రాజమండ్రిలో పుష్కర ఘాట్ దగ్గర, 2025 జనవరి 8న తిరుపతిలో దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలు జరిగాయి. రెండూ గంటల తరబడి ఎదురుచూసిన జనం ఒక్కసారిగా కదిలినప్పుడు జరిగినవే. వాటికి కారణం చక్రాల కుర్చీ కాదు. కుర్చీ పట్టేంత వెడల్పు దారి, ఖాళీగా ఉంచిన పక్క గేటు, మెట్టు లేని బయటి తోవ ఉన్నాయనుకోండి, గర్భిణి పోతుంది, పసిబిడ్డతో తల్లి పోతుంది, స్ట్రెచర్ పోతుంది, ఫైర్ వాళ్లు లోపలికి వస్తారు. రేపు మోకాళ్లు పట్టేసినప్పుడు మీరూ పోతారు.

టీవీ అన్నారు. 2024 మే 13న ఎన్నికలప్పుడు నాకు ఇంట్లోనే ఓటు వేసే వీలుంది, నలభై శాతం పైన వైకల్యం ఉన్నవాళ్లకు ఆ ఏర్పాటు చేశారు. నేను పోలింగ్ బూత్‌కే పోయాను. బడి గేటు దగ్గర వీల్‌చైర్, వరండాకు ర్యాంపు, తోయడానికి ఒక ఇంటర్ పిల్లోడు. వరసలో పాత స్నేహితులు ఇద్దరు కలిశారు, ఒకడు పాతికేళ్ల కిందట నా దగ్గర డేగిసాలు తీసుకుని తిరిగి ఇవ్వనివాడు. వాణ్ని టీవీలో పట్టుకోగలనా చెప్పండి.

చట్టం ఉంది, చట్టం ఉంది అంటారు. ఏ చట్టం? ఎవరికి రాయాలి? రాస్తే ఏమవుతుంది?
– కర్నూలు

వికలాంగుల హక్కుల చట్టం, 2016. అమలులోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో ఇరవై ఒకటి. మన విషయానికి పనికొచ్చేవి: ఎనిమిదో సెక్షను విపత్తుల్లో, ప్రమాద సమయాల్లో రక్షణ గురించి. ఇరవై తొమ్మిది సాంస్కృతిక కార్యక్రమాలు, వినోదం గురించి, అంటే జాతరలో పాటకచేరీ కూడా హక్కే. ఎనభై తొమ్మిది ప్రకారం చట్టం మీరితే మొదటిసారి పదివేల దాకా జరిమానా, మళ్లీ మీరితే యాభై వేలకు తగ్గకుండా అయిదు లక్షల దాకా. పదిమందిలో కావాలని అవమానిస్తే తొంభై రెండో సెక్షను, ఆరునెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. గేటు దగ్గర ‘కుంటోనివి నీకెందుకు’ అన్నవాడికి ఇది చదివి వినిపిస్తే గొంతు తగ్గుతుంది, నేను చూశాను.

రోడ్లు, బహిరంగ స్థలాలు వికలాంగులు వాడుకునేట్టు ఉండాలని చూపు లేని ఒకాయన 2005లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. దాని మీద 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. మన హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు కోర్టు కోసం దేశంలో పరిస్థితి చూసి నివేదిక ఇచ్చారు. ప్రమాణాలను సలహాల్లా వదిలేస్తే కుదరదు, తప్పనిసరిగా పాటించాల్సినవి వేరుచేసి పెట్టండి, మూడు నెలల్లో, అని కేంద్రానికి కోర్టు చెప్పింది.

ఎవరికి రాయాలంటే, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. రెండు కాపీలు తీసుకుపోండి, ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ గాల్లో చెప్పిన మాటే. అక్కడ తేలకపోతే రాష్ట్ర స్థాయిలో వికలాంగుల కమిషనర్‌కు. కానీ నన్నడిగితే ఫిర్యాదు కంటే ముందు ఇంకో అర్జీ ఉంది. పెద్ద కార్యక్రమానికి నిర్వాహకులు పోలీసు అనుమతి తీసుకోవాలి. మీ ఊళ్లో ఏటా జరిగేది ఏదో మీకు తెలుసు. రెండు మూడు వారాల ముందే కమిటీకి, పోలీసులకు, మున్సిపాలిటీకి ఒకే కాగితం ఇవ్వండి: కారు దిగే చోటు, మూడడుగుల గేటు, ర్యాంపు, నేల మీద టాయిలెట్, అత్యవసర దారి. గుంజలు పాతాక నాలాంటివాణ్ని ఎంత అడిగినా ‘ఇప్పుడెట్లా విప్పేది’ అంటాడు. పాతకముందు అడిగితే గడ్డపార అర అడుగు జరిపి వేయడమే, దానికి ఎవడూ పైసా అడగడు.

పేరు గురించి కూడా ఒకాయన రాశారు, ‘వికలాంగులు’ అని ఎందుకు రాస్తావు, ‘దివ్యాంగులు’ అనాలి కదా అని. ఏదైనా అనుకోండి. నేను పింఛను కాగితాల పని మీద చాన్నాళ్లుగా పోయే ఒక ఆఫీసు ముందు బోర్డు మూడుసార్లు మారింది. బోర్డు కింద మూడు మెట్లు మాత్రం నేను మొదటిసారి పోయినప్పటివే.

తాతా, నేను ఎనిమిదో తరగతి. నాకూ వీల్‌చైర్ ఉంది. జాతరంటే ఇష్టం, జనమంటే భయం. మీకు భయం వేయదా?
– జమ్మలమడుగు

వేస్తుంది బంగారూ. ఇప్పటికీ వేస్తుంది. జనంలో మన కంటికి కనిపించేది అందరి నడుములే కదా. అందుకే నేను ఒక ఎర్ర జెండా కుర్చీకి కట్టుకుంటాను, సైకిలు పిల్లలు కట్టుకుంటారే, అట్లాంటిది. దూరంనుంచే కనబడి జనం పక్కకు తప్పుకుంటారు. నువ్వూ కట్టుకో, నీకిష్టమైన రంగుది.

ఒక సంగతి చెబుతా. దేవుని కడపలో రథసప్తమికి తేరు లాగుతారు. చిన్నప్పుడు మా నాయన భుజాల మీద కూర్చుని చూసేవాణ్ని. ఆ తర్వాత నలభై ఏళ్లు ఎక్కడో అరుగు మీదనుంచి చూశాను, మోకు ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ మధ్య ఒక ఏడు మా గోడౌన్ పిల్లోళ్లు ముందే పోయి, తేరు ఆగి మళ్లీ కదలబోయే చోటు చూసుకుని, నన్ను అక్కడ పెట్టారు. మోకు చివర తెచ్చి నా ఒళ్లో వేశారు. తాటిచెట్టంత లావనుకున్నాను గానీ రెండు చేతుల్లో పట్టింది. నూనె వాసన, చెమట వాసన. అందరూ ‘గోవిందా’ అన్నారు, నేనూ అన్నాను, గట్టిగా పట్టుకుని లాగాను.

తేరు కదిలింది. దాంతోపాటు నేనూ కదిలాను, జెండా ఎగురుతూ, పది గజాలు, మా పిల్లోళ్లు వెనక పరిగెత్తుతూ. కుర్చీకి బ్రేకులు వేయడం మరిచిపోయాను.